పనోరమిక్ హిల్ మీద పాత చెక్క ఇంటిని పునాదికి బిగించడం: నా అనుభవం

కాలిఫోర్నియాలో బర్కిలీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం దాటగానే రోడ్డు ఇరుకైపోయి, మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. అదే పనోరమిక్ వే. రెండు మలుపులు ఎక్కి వెనక్కి తిరిగితే క్యాంపస్ గడియార గోపురం, దాని వెనక అఖాతం, మబ్బు లేని రోజైతే గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తాయి. రోడ్డుకి రెండు పక్కలా ముదురు గోధుమరంగు చెక్క పెంకుల గోడలు, వెడల్పాటి చూరులు, చెట్ల మధ్యలోంచి ఆర్చర్డ్ లేన్ మెట్లు. 1898లో మొదలైన హిల్‌సైడ్ క్లబ్ వాళ్లు కొండని చదును చేయొద్దని, రోడ్డే కొండ ఒంపుని అనుసరించాలని, ఇల్లు రంగు వేయని చెక్కతో చెట్లలో కలిసిపోవాలని పట్టుబట్టారు. ఆ ఆలోచన మీదే ఇక్కడి ఇళ్లు లేచాయి. కాలిఫోర్నియాలో ఆర్కిటెక్టు లైసెన్సు పొందిన మొదటి మహిళ జూలియా మోర్గన్ గీసిన ఇళ్లు కూడా వీటిలో ఉన్నాయి. 2005లో ఈ కొండని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చారు.

నేను రాస్తున్నది ఆ అందం గురించి కాదు, దాని కిందున్న నాలుగడుగుల చీకటి గురించి. 1910ల నాటి చెక్క ఇల్లు ఒకటి, ఏటవాలు స్థలంలో ఉన్నది, భూకంపానికి తట్టుకునేలా పునాదికి బిగించాం. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో, మనవాళ్లు చాలామంది ఇలాంటి పాత ఇళ్లు కొంటున్నారు, అద్దెకి ఉంటున్నారు. ఎవరికైనా పనికొస్తుందని వరసగా చెబుతున్నాను.

మన దగ్గర ఇల్లంటే ఇటుక, సిమెంటు, పైన స్లాబు. చెక్క ఇల్లంటే పెద్దవాళ్లకి బెంగ. నిజానికి భూకంపానికి చెక్క మంచిదే. బరువు తక్కువ, ఊగుతుంది, అంత తేలిగ్గా విరగదు. పాత ఇళ్లలో తేడా వచ్చేది చెక్కలో కాదు, చెక్కకీ కాంక్రీటుకీ మధ్య. ఆ రోజుల్లో ఇంటిని పునాది మీద పెట్టి వదిలేశారు. సొంత బరువే దాన్ని పట్టుకుని ఉంది. నేల పక్కకి ఊగితే పునాది నేలతో పోతుంది, ఇల్లు ఉన్నచోటే ఉండిపోతుంది. రెండడుగులు జారితే చాలు, గ్యాసు పైపు తెగుతుంది, ఇల్లు కింద కూర్చుంటుంది.

ఊగే నేల ఎంత దగ్గరో చెప్పాలి. హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి చీలిక సరిగ్గా ఆ స్టేడియం కిందనుంచే పోతుంది. 1923లో కట్టిన ఆ స్టేడియాన్ని ఫాల్ట్ రెండు వైపులా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున లాగుతూనే ఉంది. 2012లో పూర్తయిన మరమ్మతులో ఫాల్ట్ మీద పడే భాగాలని విడి దిమ్మెలుగా కట్టారు, నేల జరిగితే అవి విడిగా జరగడానికి. ఈ ఫాల్ట్ మీద చివరి పెద్ద భూకంపం 1868 అక్టోబర్ 21న వచ్చింది.

కాబట్టి మొదటి పని మ్యాపు చూడడం. కాలిఫోర్నియా భూగర్భ సర్వే వాళ్ల మ్యాపులో అడ్రసు కొడితే ఆ స్థలం ఫాల్ట్ జోన్‌లో ఉందా, కొండచరియలు విరిగే జోన్‌లో ఉందా తెలుస్తుంది. ఇది ఎందుకు ముందంటే, పునాదికి వేసే బోల్టులూ, దాని మీది గోడలకి కొట్టే ప్లైవుడ్డూ ఊపుని తట్టుకుంటాయి గానీ, ఇంటి కింద నేలే చీలినా, కొండ జారినా ఏమీ చేయలేవు. కొండ జారే జోన్‌లో ఉంటే ఇంటి కట్టడాన్ని చూసే స్ట్రక్చరల్ ఇంజనీరు కంటే ముందు, నేలని పరీక్షించే జియోటెక్నికల్ ఇంజనీరుని పిలవాలి.

రెండో పని ఇంటి కిందకి దూరడం. ఇక్కడ నేల అంతస్తు మట్టిని ఆనుకుని ఉండదు. కాంక్రీటు పునాది, దాని మీద పడుకోబెట్టిన రెడ్‌వుడ్ దుంగ, దాన్ని మడ్‌సిల్ అంటారు. దాని మీద పొట్టి గోడ, ఆ గోడ మీద అడ్డదూలాలు, వాటి మీద ఇల్లు. ఆ పొట్టి గోడల లోపలి ఖాళీయే క్రాల్ స్పేస్. మోకాళ్లకి ప్యాడ్లు, ఎన్95 మాస్కు, తలకి లైటు, ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు, కొలత టేపు ఉండాలి. పాత పైపులకి చుట్టిన తెల్లటి గుడ్డలాంటిది కనిపిస్తే ముట్టుకోకూడదు, అది ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ పీచు కావచ్చు.

స్క్రూడ్రైవరు ఈ పని మొత్తంలో అన్నిటికంటే చౌకైన పరీక్ష పరికరం. మడ్‌సిల్ వెంబడి ప్రతి రెండడుగులకీ గుచ్చుకుంటూ పోవాలి. మంచి రెడ్‌వుడ్ చేవైతే మొన నిలిచిపోతుంది, టక్కుమని గట్టి చప్పుడొస్తుంది. కుళ్లినచోట చప్పుడే ఉండదు, నానిన రొట్టెలోకి దిగినట్టు పిడిదాకా పోతుంది. మా ఇంట్లో అలా పోయింది ఒక్కచోటే: కొండ ఎగువ వైపు, మట్టి మడ్‌సిల్ ఎత్తుకి పేరుకుపోయిన చోట, తొమ్మిదడుగుల పొడుగున. పైకి చూస్తే అక్కడ చెక్క ముదురుగా, చక్కగా, ఏ లోపం లేనట్టే ఉంది.

కాంక్రీటుని కూడా అదే స్క్రూడ్రైవరుతో గీకి చూడాలి. గీత మాత్రమే పడితే సరే. ఇసుకలా రాలితే బోల్టు పట్టదు. పునాది ఇటుకదైతే బోల్టుల సంగతి మరిచిపోయి పునాది మార్పు గురించి ఆలోచించాలి.

ఇక అసలు విషయం, ఎక్కువమంది పొరపాటు చేసే చోటు. సమతల నేల మీది ఇళ్లకి ఇక్కడ ప్లాన్ సెట్ ఏ అని ఒక తయారు డ్రాయింగు ఉంది. పొట్టి గోడ నాలుగడుగులు దాటకపోతే ఇంజనీరు లేకుండానే దాని ప్రకారం చేసుకోవచ్చు. కాంట్రాక్టర్లు కొందరు కొండమీది ఇంటికి కూడా దీన్నే తెచ్చి అతికిస్తారు. మాకొచ్చిన మూడు కొటేషన్లలో అన్నిటికంటే తక్కువది అలాంటిదే. మిగతావాటిలో సగం కూడా లేదు, కారణం ఆయన ఎగువ వైపు అసలు లెక్కలోకే తీసుకోలేదు.

కొండవాలు ఇంట్లో ఎగువ గోడ పొట్టిగా ఉంటుంది, మా ఇంట్లో పద్నాలుగు అంగుళాలు. దిగువ గోడ పొడుగ్గా ఉంటుంది, మా ఇంట్లో ఏడడుగుల పైచిలుకు. ఇల్లు ఊగినప్పుడు పొడుగు గోడ వెదురుబొంగులా వంగుతుంది, పొట్టి గోడ వంగదు. వంగనిదాని మీదే బలమంతా పడుతుంది. కాబట్టి కొండ కిందకి లాగే ఊపుని దాదాపు మొత్తం ఎగువ వైపున్న ఆ పద్నాలుగు అంగుళాలే మోస్తాయి. అక్కడ పట్టు ఊడితే నేల అంతస్తు ఎగువ పునాది నుంచి విడిపోయి, దిగువ వైపు కూలుతుంది. 1994 జనవరిలో లాస్ ఏంజెలిస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపంలో కొండవాలు ఇళ్లు కొన్ని సరిగ్గా ఇలాగే పోయాయి. అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా వాళ్లు తర్వాత విడుదల చేసిన పీ-1100 అనే మార్గదర్శకంలో కొండవాలు ఇళ్లకి విడిగా ఒక భాగం ఉంది. ఇంజనీరుని ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ఒక్క ప్రశ్న: "ఎగువ పునాదికి నేల అంతస్తుని ఎలా కడతారు?" జవాబు వెంటనే రాకపోతే ఇంకొకరిని చూసుకోవాలి.

డబ్బు విషయం. రాష్ట్రం ఇచ్చే బ్రేస్ అండ్ బోల్ట్ గ్రాంటు 3,000 డాలర్ల వరకు వస్తుంది గానీ, అది సమతలం లేదా కొద్దిపాటి వాలు ఉన్న ఇళ్లని ఉద్దేశించినది. నిటారు వాలు ఇళ్లు సాధారణంగా ఇందులో ఇమడవు. కొత్తగా కొన్నవాళ్లకి బర్కిలీ నగరం ఇచ్చే వెసులుబాటు పెద్దది: ఇల్లు కొన్నప్పుడు కట్టే బదిలీ పన్నులో మూల రేటు 1.5 శాతం, దానిలో మూడో వంతు వరకు భూకంప పనుల ఖర్చు కింద వెనక్కి ఇస్తారు. 12 లక్షల డాలర్ల ఇంటికి ఆ పన్ను 18,000, అందులో 6,000 వరకు వెనక్కి వస్తుందన్నమాట. షరతు ఏమిటంటే, రిజిస్ట్రేషన్ తేదీ నుంచి ఏడాదిలోపు పని పూర్తవ్వాలి. కొండమీది ఇంటికి ఇంజనీరు దొరకడం, డ్రాయింగులు, పర్మిట్టు, వీటికే ఐదారు నెలలు పోతాయి. తాళాలు చేతికొచ్చిన వారంలోనే ఇంజనీరుకి ఫోన్ చేయాలి. కొండలో కొంత భాగం ఓక్లండ్ నగరంలోకి వస్తుంది, అక్కడి నిబంధనలు వేరు. మీ ఇల్లు ఏ ఊరిదో ముందు చూసుకోండి.

పర్మిట్టు ఆఫీసు సెంటర్ స్ట్రీట్‌లో ఉంది. చారిత్రక ప్రాంతం కదా, అడ్డు చెబుతారేమో అని చాలామందికి భయం. పనంతా ఇంటి కింద, బయటికి కనపడకుండా జరుగుతుంది కాబట్టి మాకు ఆ చిక్కు రాలేదు. దీన్నే పట్టుకుని ఉండాలి కూడా. బయటి పెంకులు ఊడదీసి బయటనుంచి ప్లైవుడ్ కొడితే పని సులువు అని ఒక కాంట్రాక్టరు సలహా ఇచ్చారు. వందేళ్ల రెడ్‌వుడ్ పెంకులు ఒకసారి ఊడదీస్తే సగం చీలిపోతాయి. అలాంటి చేవ ఉన్న చెక్క ఇప్పుడు దొరకడం కష్టం. లోపలినుంచే చేయించాలి, కష్టమైనా సరే.

సామాను చేర్చడం కూడా ఒక పనే. పనోరమిక్ వే మలుపుల్లో పొడుగు ట్రక్కు తిరగదు. చిన్న పికప్‌లో నాలుగైదు విడతలుగా తేవాలి. స్టేడియంలో ఆట ఉన్న శనివారాల్లో కింద రోడ్లు నిండిపోతాయి, ఆ తేదీలు ముందే చూసుకుని, ఆ రోజుల్లో సామాను తెప్పించుకోకూడదు. క్రాల్ స్పేస్ తలుపు మాది ఇరవైనాలుగు అంగుళాలు. నాలుగు బై ఎనిమిది అడుగుల ప్లైవుడ్ షీటు అందులోంచి పోదు. బయటే కోసి, ముక్క అంచులు రెండూ స్టడ్, అంటే గోడలోని నిలువు చెక్క, మధ్యలోకి వచ్చేలా కొలతలు రాసి, నంబర్లు వేసి లోపలికి పంపాం.

పని మొదలుపెట్టాక అన్నిటికంటే ముందు నీళ్లు. కుళ్లిన చెక్కకి బోల్టు వేయడం దండగ, నీళ్లు ఆపకుండా చెక్క మార్చడం ఇంకా దండగ. ఎగువ వైపు మట్టిని మడ్‌సిల్ కింద ఎనిమిది అంగుళాల దాకా తవ్వి తీశాం. గోడ పొడుగునా కందకం, అందులో గుడ్డ పొర, రంధ్రాల పైపు, కంకర. చూరు నీటి గొట్టాలు ఇంటి మూలనే వదిలేసి ఉంటే, వాటిని పైపుతో దిగువకి తిప్పాం. ఆ తర్వాతే ఆ తొమ్మిదడుగుల మడ్‌సిల్‌ని, పైన దూలాలకి జాకీలు పెట్టి, మూడడుగుల చొప్పున మార్చారు. కొత్తది మందుపట్టిన చెక్క. దానిలోని రాగి మామూలు మేకుల్ని తినేస్తుంది కాబట్టి హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచిన మేకులే వాడాలి.

బోల్టులు. మాకు అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతుల (5/8) మందం మర చువ్వలు, కాంక్రీటులో ఏడు అంగుళాల లోతు. దానికి ముప్పావు అంగుళం రంధ్రం తొలుస్తారు. పాత కాంక్రీటులో పెద్ద గులకరాళ్లుంటాయి, డ్రిల్లు వాటికి తగిలి పక్కకి పోతుంది. అలా పోతే ఆ రంధ్రాన్ని వదిలి పక్కన తొలవాలి, వంకర రంధ్రంలో చువ్వని కొట్టి దించకూడదు.

తొలిచాక దుమ్ము తీయడం. ఈ ఒక్క పనిని నేను దగ్గర కూర్చుని చూశాను. గాలి పంపుతో ఊదాలి, బ్రష్షు పెట్టి తిప్పాలి, మళ్లీ ఊదాలి. మొదటిసారి ఊదితే మైదాపిండిలాంటి తెల్ల దుమ్ము ముఖాన కొడుతుంది, శుభ్రమైందనిపిస్తుంది. బ్రష్షు పెట్టి తిప్పి మళ్లీ ఊదితే అంతే దుమ్ము మళ్లీ వస్తుంది. ఆ రెండో దుమ్ము గోడకి అంటుకుని ఉన్నది. దాన్ని తీయకపోతే ఎపాక్సీ, అంటే చువ్వని పట్టి ఉంచే రెండు భాగాల జిగురు, కాంక్రీటుని కాక దుమ్ముని పట్టుకుంటుంది, బోల్టు పట్టు బాగా తగ్గిపోతుంది. ఎపాక్సీ ట్యూబు మొదట వచ్చే చారల ముద్దని పారేసి, రెండు రంగులు కలిసి ఒకటయ్యాకే వాడాలి. రంధ్రం అడుగునుంచి నింపుకుంటూ రావాలి, పైనుంచి పోస్తే గాలి బుడగ కిందుండిపోతుంది. చువ్వని తిప్పుతూ దించి, ఇక ముట్టుకోకూడదు. మేం వాడినది గట్టిపడడానికి 70 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 24 గంటలు, 50 దగ్గర 72 గంటలు. శీతాకాలంలో మా ఇంటి కింద 50 దగ్గర్లోనే ఉంది, కాబట్టి మూడు రోజులు ఆగాలి. పనివాళ్లకి తొందర, మర్నాడే నట్టు బిగించేస్తారు. క్యాలెండరు పట్టుకుని మనమే ఆపాలి. నట్టు కింద మూడంగుళాల చదరపు ఉక్కు పలక తప్పనిసరి. గుండ్రటి చిన్న వాషరు వేస్తే మడ్‌సిల్ బోల్టుల వరస వెంబడి పొడుగునా చీలవచ్చు.

ఎగువ వైపు పద్నాలుగు అంగుళాల్లో డ్రిల్లు నిటారుగా పట్టదు. అక్కడ పక్కనుంచి పునాదికి బిగించే ఉక్కు పలకలు వాడారు. వాటితో పాటు ఇంజనీరు డ్రాయింగులో అసలు ముఖ్యమైనవి హోల్డ్‌డౌన్లు: అడ్డదూలం పక్కకి ఒక ఉక్కు బ్రాకెట్టు, దాని నుంచి పునాదిలోకి అడ్డంగా పోయే బోల్టు. ఇల్లు దిగువకి లాగితే ఇవే పట్టి ఆపుతాయి. మా దూలాలు ఒకవైపు ఎగువ గోడకి సమాంతరంగా ఉన్నాయి. అలాంటిచోట మొదటి దూలానికి ఒక్కదానికే బిగిస్తే అదొక్కటే ఊడొస్తుంది. దూలానికీ దూలానికీ మధ్య అడ్డ చెక్కలు కొట్టి, వాటి కింద ఉక్కు పట్టీ నేల అంతస్తులోకి చాలా దూరం లాగాలి. ఈ పనికి మూడు రోజులు, వెల్లకిలా పడుకుని. డబ్బు ఆదా చేయాలనిపించేది ఇక్కడే, చేయకూడనిదీ ఇక్కడే.

ప్లైవుడ్ అరంగుళానికి కొంచెం తక్కువ మందం, స్ట్రక్చరల్ వన్ గ్రేడు. మేకులు అంచుల్లో నాలుగు అంగుళాలకొకటి, మధ్యలో పన్నెండుకొకటి. పొడుగు గోడ దగ్గర ఇంజనీరు ఇంకా దగ్గరగా వేయించారు. మడ్‌సిల్ స్టడ్ల కంటే వెడల్పు కాబట్టి ప్లైవుడ్ కింది అంచుకి ఆనిక దొరకదు. స్టడ్ల మధ్య మడ్‌సిల్ మీద చెక్క ముక్కలు కొట్టి ఆనిక చేయాలి. ఎండిన రెడ్‌వుడ్ మేకుకి చీలుతుంది, ముందు సన్న రంధ్రం వేసుకోవాలి.

మేకుల దగ్గర మోసం కాకపోయినా అజాగ్రత్త చాలా ఉంటుంది. ఎయిట్ పెన్నీ కామన్ మేకు అంటే రెండున్నర అంగుళాల పొడుగు, 0.131 అంగుళాల మందం. మేకుల గన్ను కోసం అదే పేరుతో అమ్మేవి చాలా 0.113 మందమే. పెట్టె మీద అంకె చదవాలి. గన్ను ఒత్తిడి ఎక్కువైతే మేకు తల ప్లైవుడ్ పై పొరని చింపుకుని లోపలికి పోతుంది. అప్పుడు ప్లైవుడ్ పలచబడినట్టే లెక్క, గోడ ఊగినప్పుడు తల మీదుగా షీటు ఊడొస్తుంది. వేలు పెట్టి తడిమితే తెలుస్తుంది: తల పలకతో సమంగా తగలాలి, గుంట తగలకూడదు. గుంట తగిలినచోట పక్కన ఇంకో మేకు కొట్టించాం.

ప్రతి రెండు స్టడ్ల మధ్యా ప్లైవుడ్‌కి పైనొకటి, కిందొకటి గుండ్రటి రంధ్రం, రెండు నుంచి మూడు అంగుళాలది. గాలి ఆడకపోతే లోపల చెమ్మ చేరి మళ్లీ కుళ్లు మొదలవుతుంది. చదరపు రంధ్రం కోయకూడదు, మూలల్లోంచి పగులు పోతుంది. దిగువ వైపు ఏడడుగుల గోడ చివరల్లో నిలువు హోల్డ్‌డౌన్లు కూడా పెట్టారు, ఎందుకంటే పొడుగైన ఇరుకు గోడ జారడం కంటే ముందు ఒక చివర లేచి పక్కకి ఒరుగుతుంది. చివరగా పొట్టి గోడ తలకీ పైనున్న దూలాలకీ మధ్య ఉక్కు క్లిప్పులు. ఇది మరిచిపోయిన ఇళ్లు చూశాను. కింద అంతా బిగించి, పైన ఇంటిని వదిలేసినట్టే.

కింద ఉండగానే గాలి కిటికీల జాలీలు మార్చేయండి. ఈ కొండ అగ్ని ప్రమాద ప్రాంతం, దిగేందుకు దారి ఒక్కటే. పాతవి పావు అంగుళం కన్నాల జాలీలు, నిప్పురవ్వ వాటిలోంచి దూరుతుంది. ఎనిమిదో వంతు అంగుళమో, అంతకంటే సన్నమో ఉండాలి. 1991 అక్టోబర్‌లో పక్కనే ఓక్లండ్ కొండల్లో రేగిన మంటలో 25 మంది పోయారు. ఇంటి గోడనుంచి ఐదడుగుల లోపు ఎండు ఆకులు, కట్టెలు, చెక్క తురుము ఉంచకూడదు.

ఇటుక చిమ్నీ మీద ఎక్కువ చెప్పను. పాత సున్నపు అతుకులవి ఊపుకి ఊడి ఇంటి మీదే పడతాయి. బయటికి కనపడే భాగం కాబట్టి దాన్ని ముట్టుకునే ముందు నగరాన్ని అడగాలి. ఈలోపు దాని కింద మంచం వేయకుండా ఉండడం ఉచితం. నీళ్ల హీటరుకి పై మూడో వంతులో ఒక పట్టీ, కింది మూడో వంతులో ఒక పట్టీ. గ్యాసు మీటరు దగ్గర ఊపుకి తనంతట తనే మూసుకునే వాల్వు.

ఇన్‌స్పెక్షన్ రెండుసార్లు. బోల్టులు, హోల్డ్‌డౌన్లు ప్లైవుడ్‌తో కప్పకముందు ఒకసారి, అన్నీ అయ్యాక ఒకసారి. మొదటిది దాటకుండా ప్లైవుడ్ కొట్టేస్తే ఊడదీయిస్తారు. కొన్ని బోల్టుల నట్టుని, బిగింపు బలాన్ని కొలిచే రెంచితో బిగించి పట్టు చూస్తారు. ప్రతి బోల్టునీ, ప్రతి క్లిప్పునీ టేపు పక్కన పెట్టి ఫోటో తీసి, డ్రాయింగులో దాని నంబరు రాసి దాచండి. పన్ను వాపసుకి పర్మిట్టు ఆఖరి సంతకం, రసీదులు కావాలి. ఇల్లు తర్వాత కొనేవాళ్లకి ఈ ఫోటోలే సాక్ష్యం.

కొత్త చెక్క ఎండి కుదించుకుంటుంది, ఏడాది తర్వాత ఒకసారి లోపలికెళ్లి నట్లు చూడాలి. మావాటిలో ఐదు వదులయ్యాయి, అన్నీ కొత్త మడ్‌సిల్ ఉన్న తొమ్మిదడుగుల్లోనే. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఎగువ మూలకి పాకి అరచెయ్యి మట్టి మీద ఆనించి చూశాను. పొడిగా ఉంది.